షాపింగ్ యాప్‌ల పేరుతో వచ్చే మోసాలు: గుర్తుపట్టడం ఎలా, పైసలు పోతే మొదటి గంటలో ఏం చేయాలి

పెద్ద ఆన్‌లైన్ దుకాణాల పేరు వాడుకుని చేసే మోసాలు పైకి పది రకాలుగా కనిపిస్తాయి. ఒకటి పార్శిల్ ఆగిందన్న మెసేజ్, ఒకటి రీఫండ్ ఇస్తామన్న ఫోను, ఒకటి కారు గెలిచారన్న ఉత్తరం, ఇంకొకటి ఫేస్‌బుక్‌లో రెండు వేలకే స్మార్ట్‌ఫోన్. అన్నిట్లోనూ జరిగేది ఒక్కటే: మిమ్మల్ని అసలు యాప్‌లోంచి బయటికి రప్పించడం. యాప్ లోపల ఆర్డర్‌కి రికార్డు ఉంటుంది, పైసలు ఎవరికి పోయాయో లెక్క ఉంటుంది, ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. అక్కడ దొంగ పని సాగదు. అతనికి ఒక లింకో, వాట్సాప్ చాటో, ఫోన్ కాలో, తన సొంత క్యూఆర్ కోడో కావాలి.

కాబట్టి కింద ఎన్ని మెట్లు చెప్పినా అన్నిటికీ మొదటిది ఇదే: వాళ్లు వచ్చిన దారిలో మీరు వెనక్కి పోవద్దు. మెసేజ్ వస్తే అందులోని లింకు నొక్కొద్దు. ఫోన్ వస్తే అదే నంబర్‌కి తిరిగి చేయొద్దు. ఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న యాప్ తెరిచి మీకు మీరే చూసుకోండి.

వరంగల్ చుట్టుపక్కల ఈ మోసాలకు రెండు కాలాలు బాగా కలిసొస్తాయి. బతుకమ్మ, దసరా రోజుల్లోనే ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్, అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ లాంటి అమ్మకాలు నడుస్తుంటాయి. అప్పుడు ఇంటికి నిజంగానే నాలుగు పార్శిళ్లు దారిలో ఉంటాయి కనుక ‘మీ పార్శిల్ ఆగింది’ అంటే అనుమానం రాదు. తర్వాత ఎనుమాముల యార్డుకు పత్తి, మిర్చి వచ్చే నెలలు. ఖాతాల్లో పంట పైసలు ఉంటాయి. బ్యాటరీ పంపులు, టార్పాలిన్ పరదాలు సగం ధరకే అన్న ప్రకటనలు అప్పుడు రైతుల ఫోన్లలోకి దిగుతాయి.

మెసేజ్ వచ్చినప్పుడు

‘అడ్రస్ సరిగా లేదు, 24 గంటల్లో సరిచేయకపోతే పార్శిల్ వెనక్కి పోతుంది’ అన్నది అన్నిటికంటే ఎక్కువగా తిరిగే మెసేజ్. ఇండియా పోస్ట్ పేరుతో, కొరియర్ కంపెనీల పేరుతో, షాపింగ్ యాప్‌ల పేరుతో ఒకే మూసలో వస్తుంది. లింకు తెరిస్తే అడ్రస్ అడుగుతుంది, చివర్లో రెండు రూపాయలో ఐదు రూపాయలో కట్టమంటుంది. ఐదు రూపాయలే కదా అనిపించడమే అందులోని కిటుకు. వాళ్ల కన్ను ఆ ఐదు రూపాయల మీద లేదు. అది కట్టడానికి మీరు కొట్టే కార్డు నంబర్, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ, ఆ తర్వాత వచ్చే ఓటీపీ కావాలి. యూపీఐతో కడుతున్నట్టు చూపించి ఆటోపే ఒప్పందానికి పిన్ కొట్టించే రకం కూడా ఉంది. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత పైసలు తమంతట తామే కట్ అవుతుంటాయి.

ఇలాంటిది వస్తే వరసగా ఇలా చేయండి.

1. మెసేజ్ మూసేయండి. డిలీట్ చేయొద్దు, ఫిర్యాదుకు పనికొస్తుంది.
2. షాపింగ్ యాప్‌ను దాని గుర్తు మీద నొక్కి తెరిచి, ఆర్డర్ల పేజీకి వెళ్లండి. పార్శిల్‌కి నిజంగా ఇబ్బంది ఉంటే అక్కడ రాసి ఉంటుంది.
3. మీరు ఏమీ ఆర్డర్ చేయకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకో బిడ్డో పంపించి ఉండొచ్చు. ఎవరూ చేయలేదంటే ఆ పార్శిల్ లేనట్టే.
4. కొరియర్ ట్రాకింగ్ నంబర్ ఇచ్చి ఉంటే, ఆ నంబర్‌ను కొరియర్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీరే టైప్ చేసి చూడండి.

మెసేజ్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా కొంత చెబుతుంది. కంపెనీలు పంపే ఎస్‌ఎంఎస్ పది అంకెల నంబర్ నుంచి రాదు. పంపినవాళ్ల చోట (దీన్ని హెడర్ అంటారు) రెండు ఇంగ్లిష్ అక్షరాలు, అడ్డగీత, కంపెనీ సంకేతం, మళ్లీ అడ్డగీత, చివర ఒక అక్షరం ఉంటాయి. ఆ చివరి అక్షరాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చింది: పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. సంకేతం ఎవరిదో ట్రాయ్ వెబ్‌సైట్‌లోని హెడర్ వెతికే పేజీలో చూసుకోవచ్చు. మామూలు మొబైల్ నంబర్ నుంచో, ప్లస్ 91 కాకుండా వేరే దేశపు కోడ్‌తోనో ‘మీ ఆర్డర్’ అని వస్తే ఇక ఆలోచించాల్సింది లేదు. హెడర్ సరిగా ఉన్నంత మాత్రాన లింకు నొక్కొచ్చని కూడా కాదు. అప్పుడైనా యాప్‌లో చూసుకోవడమే.

ఈమెయిల్ వచ్చి అమెజాన్‌దా కాదా తెలియకపోతే ఒక తేలిక మార్గం ఉంది. అమెజాన్ ఖాతాలో మెసేజ్ సెంటర్ అని ఉంటుంది. కంపెనీ పంపిన మెయిళ్లు అక్కడ కూడా కనిపిస్తాయి. అక్కడ లేని మెయిల్‌ని నమ్మాల్సిన పని లేదు.

లింకు చదవడం ఒక్కసారి నేర్చుకుంటే చాలు

అడ్రస్‌లో ఎక్కడో ఒకచోట ‘ఫ్లిప్‌కార్ట్’ అని కనిపిస్తే అది ఫ్లిప్‌కార్ట్‌దే అనుకుంటారు చాలామంది. చూడాల్సింది అది కాదు. ఇంటికి ‘వరంగల్ నిలయం’ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ ఇల్లు వరంగల్‌లో ఉన్నట్టు కాదు, చిరునామా చివర ఏ ఊరు రాశారో అదే ఊరు. వెబ్ అడ్రస్ కూడా అంతే.

హెచ్‌టీటీపీఎస్, రెండు గీతలు దాటాక మొదలుపెట్టి, తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగండి. ఆ మధ్యలో ఉన్నదాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. కుడివైపు చివరి రెండు ముక్కలే యజమాని ఎవరో చెబుతాయి. ‘అమెజాన్ డాట్ ఇన్’ అని ముగిస్తే అమెజాన్‌ది. ‘అమెజాన్ డాట్ ఇన్ డాట్ ఏదో-ఆఫర్ డాట్ షాప్’ అని ముగిస్తే అది ‘ఏదో-ఆఫర్ డాట్ షాప్’ అనేవాడిది. ముందున్న అమెజాన్ వాడు పెట్టుకున్న పేరు మాత్రమే. చివర ‘కో డాట్ ఇన్’ అని ఉంటే మాత్రం మూడు ముక్కలు చూడాలి. ఒంటి గీత తర్వాత ఎంత పెద్ద కంపెనీ పేరు రాసున్నా లెక్కలోకి రాదు.

తర్వాత అక్షరాలు. ఇంగ్లిష్‌లో అమెజాన్ రాసేటప్పుడు ఎం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద ఎం లాగే కనిపిస్తుంది. ఓ బదులు సున్నా, చిన్న ఎల్ బదులు పెద్ద ఐ కూడా అంతే. పేరు పక్కన అడ్డగీత పెట్టి సేల్, గిఫ్ట్, రీఫండ్, సపోర్ట్ లాంటి మాట తగిలించిన అడ్రస్ కంపెనీది కాదనే అనుకోండి.

తాళం గుర్తు ఉంది కదా అంటారు. ఆ తాళం మీ ఫోనుకూ ఆ వెబ్‌సైట్‌కూ మధ్య సమాచారం ఎవరూ చూడలేరని మాత్రమే చెబుతుంది. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది దానికి తెలియదు. ఆ సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది కాబట్టి దొంగ సైట్లు చాలావరకు తాళంతోనే వస్తున్నాయి.

పొట్టి లింకులు అసలు కంపెనీలూ వాడతాయి. వాటిని దొంగవని తేల్చలేం, నమ్మనూ లేం. యాప్‌లో అదే వస్తువు వెతికితే ఆ ఆఫర్ నిజమైతే అక్కడే కనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే ‘దసరా బహుమతి, చక్రం తిప్పండి, పది గ్రూపులకు పంపండి’ రకానికైతే ఇంత పరిశీలన కూడా దండగ. ఏ కంపెనీ తన బహుమతులను మీ చేత పది గ్రూపులకు పంపించుకోదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నుంచి వెళ్లే దుకాణం

ఇందులో చదువుకున్నవాళ్లు కూడా పడతారు, ఎందుకంటే పేజీ అచ్చం అసలు సైట్ లాగే ఉంటుంది. అదే రంగు, అదే గుర్తు, అవే ఫొటోలు, కింద పొగుడుతూ రివ్యూలు, పైన ‘ఇంకా 9 నిమిషాలే’ అని తరిగిపోయే గడియారం. అయితే వీళ్లు కాపీ కొట్టేది పైపొర మాత్రమే, మొత్తం దుకాణం కట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పరీక్ష అక్కడ పెట్టాలి.

పేజీలో వెతికే పెట్టెలో ఆ ప్రకటనకు సంబంధం లేని వస్తువు, బియ్యం డబ్బానో బడి బ్యాగో, కొట్టి చూడండి. అసలు దుకాణంలో వందల ఫలితాలు వస్తాయి. దొంగ పేజీలో ఏమీ రాదు, లేదా పెట్టె పనే చేయదు. కింద ఉన్న ‘మా గురించి’, ‘రిటర్న్ పాలసీ’ నొక్కండి. చాలాసార్లు మళ్లీ అదే పేజీకి వస్తారు. గడియారం అయిపోయేదాకా చూసి పేజీని మళ్లీ తెరవండి. మొదటినుంచీ లెక్క మొదలైతే అది ఉత్త బొమ్మ. లాగిన్ అవకుండానే అడ్రస్ తీసుకుని నేరుగా చెల్లింపుకు తీసుకెళ్తే ఇంకా అనుమానించాలి. మీకు ఖాతా ఉన్న పెద్ద దుకాణం మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం ఏమిటి?

చెల్లింపు పేజీ దగ్గర దొంగతనం దాగదు. క్యాష్ ఆన్ డెలివరీ ఉండదు, లేదా ‘ఈ ఆఫర్‌కి వర్తించదు’ అంటుంది. చాలాసార్లు కార్డు కూడా ఉండదు, యూపీఐ ఒక్కటే ఉంటుంది. కారణం ఉంది. కార్డుతో కడితే మోసం జరిగినప్పుడు బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన పైసలు వెనక్కి, అడిగే అవకాశం ఉంది. యూపీఐలో మీరే పిన్ కొట్టి పంపారు కాబట్టి వెనక్కి రప్పించడం కష్టం. పిన్ కొట్టే ముందు యాప్ చూపించే పేరు తప్పకుండా చదవండి. 2025 జూన్ ఆఖరు నుంచి, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన ప్రకారం అక్కడ కనిపించాల్సింది ఖాతాదారుకు బ్యాంకులో నమోదైన పేరు, అవతలివాళ్లు సొంతంగా పెట్టుకున్న పేరు కాదు. మీరు పెద్ద కంపెనీకి కడుతున్నామనుకుంటుంటే అక్కడ ఎవరో ఒక మనిషి పేరో, ఏ ఊరి కిరాణ దుకాణం పేరో ఉంటే వెనక్కి రండి. ఈ ఒక్క పేరు చదివే అలవాటు మిగతా పరీక్షలన్నిటికంటే ఎక్కువసార్లు కాపాడుతుంది.

పేరు తెలియని చిన్న దుకాణమైతే, ముఖ్యంగా పంపులు, స్ప్రేయర్లు, విత్తనాలు, చీరలు అమ్మే సైట్లయితే, ఇంకొంచెం తవ్వాలి. 2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, కార్యాలయ చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో చూపించాలి. అవి లేకపోతే అక్కడే ఆగొచ్చు. ఉంటే జీఎస్‌టీ నంబర్ వెతకండి. అందులో 15 గుర్తులుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది గుర్తులు పాన్ నంబర్. జీఎస్‌టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారును వెతికే చోట లాగిన్ లేకుండానే ఆ నంబర్ కొట్టి చూడొచ్చు. పేరు, నమోదు తేదీ, ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా అన్నది వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: దొంగలు వేరే కంపెనీ నంబర్‌ను ఎత్తుకొచ్చి పెడతారు. పోర్టల్‌లో వచ్చిన పేరు, ఊరు సైట్‌లో రాసిన పేరుతో, ఊరితో కలవాలి. హన్మకొండ అడ్రస్ రాసుకున్న దుకాణం నంబర్ 36తో మొదలవకపోతే ఎందుకో అడగాలి.

ఫేస్‌బుక్ పేజీ అయితే ‘పేజ్ ట్రాన్స్‌పరెన్సీ’ నొక్కండి. పేజీ ఎప్పుడు పెట్టారు, పేరు ఎన్నిసార్లు మార్చారు అన్నవి కనిపిస్తాయి, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా చాలాసార్లు ఉంటుంది. నిన్నమొన్నటి దాకా వంటల పేజీగా ఉండి ఈ నెలలో టీవీల దుకాణం అయిందంటే ఎవరో కొనుక్కున్న పేజీ. ‘స్పాన్సర్డ్’ అన్న మాట చూసి నమ్మకండి. ప్రకటనకు పైసలు కట్టారన్నదానికే అది గుర్తు.

బ్యాటరీ పంపు విషయంలో ఒక సలహా. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కలో, నర్సంపేటలో, పరకాలలో పురుగు మందుల దుకాణంలో ధర ముందు అడిగి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో అంతకంటే కొంత తక్కువకు రావడం మామూలే. మూడో వంతు ధరకు కొత్త పంపు రాదు.

ఫోన్ వచ్చినప్పుడు

ఫోన్ చేసినాయన మీ పేరు, మీరు కొన్న వస్తువు, ఇంటి అడ్రస్ చెప్పేస్తాడు. అంత తెలిసింది కాబట్టి కంపెనీ మనిషే అనుకుంటాం. ఆ వివరాలన్నీ మీరు చెత్తబుట్టలో వేసిన డబ్బా మీది కాగితం మీద ఉంటాయి. పార్శిల్ డబ్బా పారేసేముందు ఆ లేబుల్ చింపేయండి, లేదా పేరు, నంబర్ మీద మార్కర్‌తో గీసేయండి. వివరాలు బయటికి పోయే దారులు ఇంకా ఉన్నాయి కానీ ఈ ఒక్కటి మన చేతిలో ఉంది.

ఎక్కువగా వచ్చేది రీఫండ్ ఫోను. ‘మీ రీఫండ్ ఆగిపోయింది సార్, ఒక్క నిమిషంలో పంపిస్తా’ అంటాడు. నిజానికి రీఫండ్ ఎలా వస్తుందో తెలిస్తే ఈ ఫోన్ కాల్ అక్కడే తేలిపోతుంది. కార్డుతో కడితే కార్డుకు, యూపీఐతో కడితే ఆ ఖాతాకు తనంతట తానే వెళ్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ అయితే యాప్ లోపలే మీ ఖాతా వివరాలు అడుగుతుంది. ఎక్కడా పిన్ అవసరం లేదు. యూపీఐ పిన్ కొట్టేది పైసలు పోవడానికే, రావడానికి కాదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టినా అంతే. వ్యక్తి నుంచి వ్యక్తికి పైసలు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్‌ను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది గానీ వ్యాపార ఖాతాల నుంచి రిక్వెస్ట్‌లు ఇంకా వస్తాయి. ‘అంగీకరించు’ అన్న బటన్ చూసి పైసలు తీసుకుంటున్నామని అనుకోవద్దు.

ఇందులోనే ఒక మలుపు. ‘ఐదు వేలకు బదులు పొరపాటున యాభై వేలు పంపాను, నా ఉద్యోగం పోతుంది, మిగతావి తిప్పి పంపండి’ అని ఏడుపు గొంతు పెడతాడు. ఖాతాలో పడ్డట్టు మెసేజ్ కూడా వస్తుంది, కాకపోతే మొబైల్ నంబర్ నుంచి. మెసేజ్ కాదు, బ్యాంకు యాప్‌లో నిల్వ చూడండి. ఏమీ పడి ఉండదు.

రెండోది మనమే కొని తెచ్చుకునేది. వస్తువు పాడై వస్తే గూగుల్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతాం. దొంగలు తమ నంబర్లను మ్యాప్‌ల మీద, ప్రకటనల్లో, రకరకాల వెబ్ పేజీల్లో ఆ పేరుతోనే పెట్టి ఉంచుతారు. మనమే ఫోన్ చేశాం కాబట్టి అనుమానం రాదు. నంబర్ వెతకొద్దు. యాప్‌లో ఆర్డర్ తెరిచి, సహాయం అన్నచోట చాట్ మొదలుపెట్టండి, లేదా ఫోన్ చేయమని అక్కడినుంచే కోరండి.

మాటల్లో ఈ మూడింటిలో ఏది వచ్చినా ఫోన్ పెట్టేయాలి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్విక్‌సపోర్ట్ లాంటి యాప్ దించుకోమనడం మొదటిది: మీ తెర అతనికి కనిపిస్తుంది, ఓటీపీ మీరు చెప్పాల్సిన పనే ఉండదు. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా ఇదే. రెండోది *21* లేదా *401* నొక్కి ఒక మొబైల్ నంబర్ కొట్టమనడం. డెలివరీ బాయ్‌తో కలుపుతా అంటాడు గానీ నిజానికి మీకు వచ్చే కాల్స్ అన్నీ అతని ఫోనుకు మళ్లుతాయి. బ్యాంకు నుంచి, వాట్సాప్ నుంచి కాల్ రూపంలో వచ్చే కోడ్‌లు కూడా అతనికే చేరతాయి. పొరపాటున నొక్కి ఉంటే వెంటనే ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. మూడోది ఫోన్ పెట్టనివ్వకపోవడం: ‘లైన్ కట్ చేస్తే రీఫండ్ పోతుంది’ అన్నాడంటే మీరు ఇంకొకరిని అడగడం అతనికి ఇష్టం లేదన్నమాట.

పార్శిల్ గుమ్మం ముందుకొచ్చినప్పుడు

ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఎక్కువ జరిగేది ఇది. ఎవరూ ఆర్డర్ చేయని పార్శిల్ వస్తుంది, 499 కట్టమంటారు. ‘పిల్లలు పెట్టుంటరు’ అని కట్టేస్తారు. విప్పితే పాత గుడ్డ. తెచ్చిన అబ్బాయికి చాలాసార్లు ఏమీ తెలియదు, కొరియర్ ఇచ్చింది మోసుకొచ్చాడంతే, అతని మీద అరిచి లాభం లేదు. పరిష్కారం ఇంట్లో ఒక కట్టుబాటు: ఆర్డర్ పెట్టినవాళ్లు ముందే ఇంటికి ఫోన్ చేసి ఏం వస్తుంది, ఎంత కట్టాలి, లేదా ఏమీ కట్టొద్దు అని చెప్పాలి. చెప్పని పార్శిల్‌ను తీసుకోవద్దు, ‘వద్దు బిడ్డా, తీసుకపో’ అంటే చాలు. తీసుకోవాలన్న బలవంతం ఎవరికీ లేదు.

దీనికే ఇంకో రూపం ఉంది. పార్శిల్ వద్దంటే ‘సరే, రద్దు చేయడానికి ఒక ఓటీపీ వస్తుంది, చెప్పండి’ అని ఫోన్‌లో ‘కస్టమర్ కేర్’తో మాట్లాడిస్తాడు. మీరు పెట్టని ఆర్డర్‌ను రద్దు చేయడానికి మీ ఓటీపీ ఎందుకు?

ఓటీపీ చెప్పనే చెప్పొద్దు అన్న సలహా ఒక్కటే ఇక్కడ సరిపోదు. ఖరీదైన వస్తువులకు అసలు కంపెనీలు కూడా డెలివరీ ఓటీపీ అడుగుతాయి. తేడా మెసేజ్‌లోనే ఉంటుంది, మొత్తం చదవాలి. డెలివరీ కోసం అని, మీ ఆర్డర్ పేరుతో ఉంటే, పార్శిల్ మీ చేతిలోకి వచ్చాకే చెప్పండి. ఫోన్‌లో కాదు, ఎదురుగా. రూపాయలు, లావాదేవీ, లాగిన్ అన్న మాటలుంటే అది బ్యాంకుదో ఖాతాదో, ఎవరికీ చెప్పొద్దు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్న వస్తువైతే డబ్బా విప్పించి, వస్తువు చూసి, అప్పుడు ఓటీపీ చెప్పాలి. ఎండలో నిలబడ్డాడు పాపం అని ముందే చెప్పేస్తే తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఉత్తరాలు, ఉద్యోగాలు

షాపింగ్ కంపెనీ పేరుతో పోస్టులో గోకే కార్డు వస్తుంది, గోకితే కారు. పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు కట్టమంటారు. పన్ను ప్రభుత్వానికి పాన్ నంబర్ మీద జమ అవుతుంది, ఎవరి యూపీఐకీ పంపేది కాదు. ఉత్తరాన్ని చింపేయొచ్చు.

‘అమెజాన్‌లో పార్ట్‌టైమ్’ అని టెలిగ్రామ్‌లో వచ్చేది అంత తేలిగ్గా పోదు, కాలేజీ పిల్లలూ ఇంట్లో ఉండే ఆడవాళ్లూ ఇందులో పడుతున్నారు. రేటింగ్ ఇస్తే మొదట నూట యాభై, రెండు వందలు నిజంగానే ఖాతాలో వేస్తారు. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని వెయ్యి కట్టిస్తారు, అది కూడా లాభంతో తిరిగి వస్తుంది. అక్కడినుంచి అంకెలు పెరుగుతాయి, తెర మీద లాభం కనిపిస్తుంది, తీసుకోబోతే ఇంకా కట్టమంటుంది. జీతం ఇచ్చేవాడు పైసలు అడగడు. పోతే, కమీషన్‌కు బ్యాంకు ఖాతా అద్దెకివ్వమని అడిగేవాళ్లు కూడా ఈ గుంపే. దొంగ పైసలు మీ ఖాతాలోంచి నడిస్తే మొదట పోలీసులొచ్చేది మీ ఇంటికే.

ఏపీకే ఫైల్ దించుకుని ఉంటే

వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైల్‌ను (ఏపీకే అంటే ఇదే) తెరిచి అనుమతులిచ్చేస్తే అది మెసేజ్‌లు చదివి ఓటీపీలను అవతలికి పంపుతుంది. అందుకే ముందు నెట్ తెంచాలి: ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ను తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే ఆ యాప్‌కు డివైస్ అడ్మిన్ హక్కు ఇచ్చి ఉంటారు. భద్రత సెట్టింగ్స్‌లో ఆ హక్కు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. యాక్సెసిబిలిటీ జాబితాలో ఆ యాప్ ఉందేమో, డిఫాల్ట్ ఎస్‌ఎంఎస్ యాప్‌గా అదే ఉందేమో కూడా చూడండి. అయినా నమ్మకం కుదరకపోతే ఫొటోలు వేరేచోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నయం. పాస్‌వర్డులు మార్చేది మాత్రం వేరే ఫోన్ నుంచి, రీసెట్ కాకముందు ఆ ఫోన్ నుంచి కాదు.

పైసలు పోయాక మొదటి గంట

దొంగ ఖాతాలో పడ్డ పైసలు అక్కడ ఆగవు. నిమిషాల్లో రెండో ఖాతాకు, మూడో ఖాతాకు పోయి ఏటీఎంలో బయటికి వస్తాయి. మధ్యలో ఎక్కడైనా పట్టుకుంటేనే ఆపగలరు. ఇంట్లో తిడతారని రాత్రంతా ఆలోచించి తెల్లారి చెప్తే దొరికేది చాలా తక్కువ.

1. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. లైన్ దొరక్కపోతే మళ్లీ మళ్లీ చేస్తూనే, ఇంకొకరి చేత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు మొదలుపెట్టించండి.
2. చేతిలో ఉంచుకోవాల్సినవి: మీ బ్యాంకు పేరు, ఖాతా లేదా కార్డు నంబర్, పోయిన మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ నంబర్. యూపీఐ అయితే అది 12 అంకెల యూటీఆర్, చెల్లింపు వివరాల్లో ఉంటుంది. అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబర్ కూడా. ఓటీపీ, పిన్ అక్కడెవరూ అడగరు.
3. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. ఫోన్‌లో చెప్పాక పోర్టల్‌లో మిగతా వివరాలు 24 గంటల్లో పూర్తి చేయండి.
4. బ్యాంకుకు విడిగా చెప్పాలి. ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి తెలియని ఒప్పందాలన్నీ రద్దు చేయండి.
5. స్క్రీన్‌షాట్లు తీయండి: చాట్, ప్రకటన, పూర్తి వెబ్ అడ్రస్, కాల్ జాబితా. దొంగ సైట్ రెండు మూడు రోజుల్లో మాయమవుతుంది.

బ్యాంకుకు ఎందుకంత తొందర అంటే, 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో లెక్క ఇలా ఉంది. తప్పు మీదీ బ్యాంకుదీ కాక వేరెక్కడో జరిగి, మూడు పని దినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే కొంతవరకు మీ మీద పడుతుంది. మీరే ఓటీపీ, పిన్ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీరే భరించాలి, చెప్పాక పోయేది బ్యాంకు భరించాలి. అంటే ఓటీపీ చెప్పినవాళ్లకు కూడా వెంటనే చెప్పడం వల్ల లాభమే. 30 రోజుల్లో బ్యాంకు నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. సమాచారానికి 14448.

వరంగల్ కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఉన్నవాళ్లు అక్కడిదాకా రావాలని ఆగొద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి. ఏ ఖాతాలోనైనా పైసలు ఆపగలిగితే అవి కోర్టు ఉత్తర్వుతో తిరిగి రావొచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా ఇప్పిస్తున్నారు. అందుకు ఆ ఫిర్యాదు నంబర్, బ్యాంకు కాగితం రెండూ కావాలి.

పైసలు పోలేదు, దొంగ ఫోన్ మాత్రం వచ్చిందంటే టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అన్నచోట ఆ నంబర్ ఇవ్వండి. వస్తువు నిజంగానే అసలు దుకాణం నుంచి వచ్చి, చెడిపోయి ఉండి, వాళ్లు పట్టించుకోకపోతే అది మోసం కేసు కాదు, వినియోగదారుల ఫిర్యాదు. దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దుకాణం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలో తేల్చాలని 2020 నిబంధనల్లోనే ఉంది.

ఫిర్యాదు ఇచ్చిన కొద్ది రోజులకు ఇంకో ఫోన్ రావొచ్చు. ‘సైబర్ సెల్ నుంచి’ అనో, ‘సైబర్ లాయర్’ అనో, ‘మీ పైసలు దొరికాయి, ప్రాసెసింగ్ ఫీజు రెండు వేలు కట్టండి’ అనో చెబుతాడు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల నంబర్ల జాబితా కూడా అమ్ముడుపోతుంది. 1930కి గానీ, పోర్టల్‌కు గానీ, పోలీసులకు గానీ ఏ ఫీజూ లేదు. మీ కేసు సంగతి తెలుసుకోవాలంటే ఫిర్యాదు నంబర్ పట్టుకుని స్టేషన్‌కు మీరే వెళ్లండి, లేదా పోర్టల్‌లో ఆ నంబర్‌తో చూసుకోండి.